లావు కావడం ఎవరి తప్పు? – కొవ్వు కణాలు, జన్యువులు నేర్పే పాఠం

షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పుల కోసం ఆస్పత్రికి వచ్చేవారిలో చాలామంది అధిక బరువుతో ఉంటారు. వారి వెంట వచ్చిన కుటుంబ సభ్యులు డాక్టరు గారి ఎదుటే కొన్ని మాటలు అంటూ ఉంటారు. "నోరు కట్టుకోదండీ, అందుకే ఇలా అయింది" అంటారు. "ఎంత చెప్పినా వినడండీ, ఒట్టి బద్ధకం" అంటారు. రోగి తల దించుకుంటారు. కాసేపటికి "మా అమ్మ కూడా ఇలాగే ఉండేది. మంచినీళ్ళు తాగినా ఒళ్ళొస్తుంది మాకు" అని మెల్లగా చెబుతారు. ఆ మాటను ఎవరూ పట్టించుకోరు.

ఈ రెండు వైపుల మాటల్లోనూ కొంత నిజం ఉంది, కొంత పొరపాటు ఉంది. ఆహారం, వ్యాయామం ముఖ్యమే. కానీ మనిషి బరువును నిర్ణయించే విషయాలు చాలావరకు మనిషి పుట్టకముందే రాసి ఉంటాయని గత నలభై ఏళ్ళ పరిశోధనలు చూపించాయి. ఈ సంగతి తెలిస్తే రోగిని నిందించడం మానేస్తాం, సరైన సహాయం చేయగలుగుతాం. అందుకే ఈ పాఠం.

అధిక బరువు అని ఎలా తెలుస్తుంది?

బరువును కిలోలలో, ఎత్తును మీటర్లలో కొలవాలి. బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే సంఖ్యను బాడీ మాస్ ఇండెక్స్ లేదా బి.ఎం.ఐ. అంటారు. ఉదాహరణకు ఒకామె బరువు 70 కిలోలు, ఎత్తు 1.55 మీటర్లు అనుకుందాం. 70ని 1.55తో రెండుసార్లు భాగిస్తే సుమారు 29 వస్తుంది. మన భారతీయులకు ఈ సంఖ్య 23 దాటితేనే జాగ్రత్తపడాలి. 25 దాటితే ఊబకాయంగా లెక్కించాలని 2009లో మన దేశ వైద్య నిపుణులు సూచించారు. కాబట్టి పై ఉదాహరణలోని ఆమెకు వైద్య సహాయం అవసరం.

దీనికంటే తేలికైన కొలత నడుము చుట్టుకొలత. ఇంట్లో ఉన్న టేపుతోనే కొలవవచ్చు. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

కొవ్వు కణం అంటే ఏమిటి?

మన పల్లెల్లో పంట ఇంటికి వచ్చినప్పుడు ధాన్యాన్ని గాదెలో పోసి, పంట లేని నెలల్లో తీసి వాడుకునేవారు. శరీరంలో కొవ్వు కణం అలాంటి గాదె. మనం తిన్న ఆహారంలో ఆ పూటకు ఖర్చు కాని శక్తి కొవ్వుగా మారి ఈ కణాలలో చేరుతుంది. ఆహారం అందనప్పుడు ఆ కొవ్వు కరిగి రక్తంలోకి వచ్చి శక్తినిస్తుంది.

సూక్ష్మదర్శినిలో చూస్తే కొవ్వు కణంలో ఎక్కువ భాగం ఒకే ఒక పెద్ద నూనె బొట్టులా కనిపిస్తుంది. కణానికి కేంద్రమైన న్యూక్లియస్ ఒక అంచుకు నెట్టబడి ఉంటుంది. ఒక కిలో శరీర కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి ఉంటుంది. రోజుకు 2,000 కేలరీలు ఖర్చు చేసే మనిషి శరీరంలో 10 కిలోల కొవ్వు ఉంటే, అది నెల రోజులకు పైగా సరిపడే శక్తి. కరువు కాలాల్లో మన పూర్వీకులు బ్రతికి బట్టకట్టారంటే ఈ కణాల చలవే. కాబట్టి కొవ్వు మనకు శత్రువు కాదు. అది దేవుడు మన శరీరంలో పెట్టిన మంచి ఏర్పాటు. అది పరిమితి దాటినప్పుడే సమస్య వస్తుంది.

గాదె నిండిపోతే ధాన్యాన్ని వసారాలోనూ, వంటింట్లోనూ పోయవలసి వస్తుంది. అలాగే చర్మం కింద ఉండే కొవ్వు కణాలు ఇక పట్టనంతగా నిండిపోతే, మిగిలిన కొవ్వు చేరకూడని చోట్లకు, అంటే కాలేయంలోకి, కండరాలలోకి, పొట్టలోని అవయవాల చుట్టూ చేరుతుంది. అప్పుడు ఇన్సులిన్ సరిగా పనిచేయదు. షుగరు, గుండెజబ్బు, ఫ్యాటీ లివర్ మొదలవడానికి ఇదే దారి. పిరుదులు, తొడల దగ్గరి కొవ్వు కంటే పొట్ట కొవ్వు ఎక్కువ ప్రమాదమని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

కొవ్వు కణాలు ఎన్ని ఉంటాయి?

మనం లావైనప్పుడు రెండు విధాలుగా కావచ్చు. ఉన్న కణాలే ఉబ్బవచ్చు, లేదా కొత్త కణాలు పుట్టవచ్చు. 2008లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని ఒక చిత్రమైన పద్ధతిలో పరిశీలించారు. 1950లు, 60లలో జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో ఒక రకమైన కార్బన్ పెరిగింది. ఆ తర్వాత అది క్రమంగా తగ్గుతూ వచ్చింది. కణం పుట్టినప్పుడు గాలిలో ఆ కార్బన్ ఎంత ఉందో, దాని గుర్తు కణంలో మిగిలిపోతుంది. దాని ఆధారంగా కొవ్వు కణాల సగటు వయసు లెక్కగట్టారు.

ఆ పరిశోధనలో తేలిందేమిటంటే, కొవ్వు కణాల సంఖ్య బాల్యంలో, కౌమారంలో నిర్ణయమవుతుంది. పెద్దయ్యాక ఆ సంఖ్య దాదాపు స్థిరంగా ఉంటుంది. ఏటా సుమారు 10 శాతం కణాలు చనిపోతాయి, వాటి స్థానంలో అన్నే కొత్తవి పుడతాయి. బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకుని చాలా సన్నబడిన వారిలో కూడా కణాలు చిన్నవయ్యాయే గాని వాటి సంఖ్య తగ్గలేదు. ఖాళీ అయిన ఆ గాదెలు మళ్ళీ నిండడానికి సిద్ధంగా ఉంటాయి.

దీని నుంచి కుటుంబాలు నేర్చుకోవలసిన మొదటి విషయం ఇది: "చిన్నపిల్లాడు, బొద్దుగా ఉంటే ముద్దు" అనుకుని పిల్లలకు అదే పనిగా తినిపించకూడదు. బరువు విషయంలో బాల్యంలో తీసుకునే జాగ్రత్తకు ఎంతో విలువ ఉంది.

కొవ్వు కణం మెదడుకు పంపే కబురు

కొవ్వు కణం కేవలం నిల్వ గది కాదు, హార్మోన్లను తయారు చేసే గ్రంథి కూడా. ఈ సంగతి బయటపడింది ఒక ఎలుక వల్ల. 1949లో అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో కొన్ని ఎలుకలు విపరీతంగా తింటూ మామూలు ఎలుకల కంటే ఎంతో లావు కావడం గమనించారు. కారణం తెలుసుకోవడానికి దాదాపు 45 ఏళ్ళు పట్టింది. 1994లో డాక్టర్ జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఆ ఎలుకలలో చెడిపోయిన జన్యువును కనిపెట్టింది. ఆ జన్యువు తయారు చేయవలసిన హార్మోనుకు లెప్టిన్ అని పేరు పెట్టారు. సన్నని అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చింది.

లెప్టిన్ కొవ్వు కణాలలో పుట్టి రక్తం ద్వారా మెదడుకు చేరుతుంది. "గాదెలో ధాన్యం ఉంది, ఇక తొందర లేదు" అని మెదడుకు కబురు చెబుతుంది. అప్పుడు ఆకలి అదుపులో ఉంటుంది. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది. మెదడు దాన్ని కరువుగా భావించి ఆకలిని పెంచుతుంది. అంటే ఆకలి మన ఇష్టాన్ని బట్టి పుట్టేది కాదు, శరీరం లోపలి నుంచి వచ్చే ఆజ్ఞ.

1997లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి వైద్యులు ఒకే వంశానికి చెందిన ఇద్దరు పిల్లల గురించి ప్రకటించారు. పాకిస్తాన్ మూలాలున్న కుటుంబం అది. పుట్టినప్పుడు ఇద్దరూ మామూలు బరువే. కానీ 8 ఏళ్ళకు పాప 86 కిలోలు, 2 ఏళ్ళకు బాబు 29 కిలోలు తూగారు. ఎంత తిన్నా ఆకలి తీరేది కాదు. పరీక్షలో ఇద్దరి శరీరాల్లోనూ లెప్టిన్ తయారు కావడం లేదని తేలింది. పాపకు రోజూ లెప్టిన్ ఇంజెక్షన్ ఇవ్వడం మొదలుపెట్టాక ఆకలి తగ్గింది, ఏడాదిలో సుమారు 16 కిలోల బరువు తగ్గింది. ఆ పాపకు ఎన్ని తిట్లు తిట్టినా, ఎంత భయపెట్టినా ఈ ఫలితం వచ్చేదా? ఆలోచించండి.

లావు వంశపారంపర్యమా?

లెప్టిన్ లోపం చాలా అరుదు. మరి మామూలు మనుషుల సంగతి ఏమిటి? దీనికి రెండు పరిశోధనలు చక్కని జవాబు ఇచ్చాయి.

మొదటిది 1986 నాటిది. డెన్మార్క్‌లో చిన్నప్పుడే దత్తత వెళ్ళి పెద్దవారైన 540 మందిని పరిశీలించారు. వారి బరువు పెంచిన తల్లిదండ్రులను పోలి ఉందా, కన్న తల్లిదండ్రులను పోలి ఉందా అని చూశారు. వారు తిన్నది పెంచిన వారి ఇంటి తిండి. అయినా పోలిక కన్నవారితోనే కనిపించింది.

రెండవది 1990లో కెనడాలో జరిగింది. అచ్చు గుద్దినట్టు ఒకే పోలికతో ఉండే 12 జతల కవల యువకులకు వంద రోజుల కాలంలో 84 రోజులు, రోజుకు 1,000 కేలరీలు అదనంగా తినిపించారు. అందరూ తిన్న అదనపు ఆహారం ఒక్కటే. కానీ ఒకరు 4 కిలోలే పెరిగితే, మరొకరు 13 కిలోలు పెరిగారు. ఒకే జతలోని ఇద్దరు కవలలు మాత్రం దాదాపు సమానంగా పెరిగారు. కొవ్వు చేరిన చోటు కూడా ఇద్దరిలో ఒకే రకంగా ఉంది. ఒకే ఇంట్లో ఒకే కంచంలో తిన్నా ఒకరు సన్నగా, ఒకరు లావుగా ఉండడానికి కారణం ఇదే.

ఇటువంటి పరిశోధనలన్నీ కలిపి చూస్తే, మనుషుల బరువుల మధ్య కనిపించే తేడాలో 40 నుంచి 70 శాతం వరకు జన్యువుల వల్ల వస్తుందని నిపుణుల అంచనా.

ఒక జన్యువా, ఎన్నో జన్యువులా?

ఎక్కువ మందిలో ఎన్నో జన్యువులు కలిసి పనిచేస్తాయి. ఒక్కొక్కదాని ప్రభావం కొద్దిగానే ఉంటుంది. 2007లో ఎఫ్.టి.ఓ. అనే జన్యువు సంగతి బయటపడింది. దీనిలో బరువు పెంచే రకం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చినవారు, ఆ రకం అసలు లేనివారి కంటే సగటున 3 కిలోలు ఎక్కువ బరువు ఉంటారు. ఇలాంటివి ఆ తర్వాత వందల సంఖ్యలో బయటపడ్డాయి. వీటిలో చాలావరకు మెదడులో ఆకలి, తృప్తిని నడిపించేవే కావడం గమనించదగ్గది.

కొద్దిమంది పిల్లలలో మాత్రం ఒకే ఒక జన్యులోపం వల్ల తీవ్రమైన ఊబకాయం వస్తుంది. ఇటువంటి లోపాలలో కొన్ని తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చేరినప్పుడే బయటపడతాయి. పైన చెప్పిన పిల్లల తల్లిదండ్రులు దగ్గరి బంధువులు. దగ్గరి రక్తసంబంధీకులలో ఒకే లోపం ఇద్దరిలోనూ దాగి ఉండే అవకాశం ఎక్కువ. అలా ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మన తెలుగువారిలో మేనమామను, మేనత్త కొడుకును పెళ్ళాడే ఆచారం ఉంది కనుక ఈ సంగతి తెలిసి ఉండడం మంచిది. అలాగని మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లో లావుకు కారణం అదేనని అనుకోకూడదు. ఇటువంటి జబ్బులు చాలా అరుదు.

సన్నగా కనిపించే భారతీయుడు

మన భారతీయులకు మరో ప్రత్యేకత ఉంది. పుణేలోని కె.ఇ.ఎం. ఆస్పత్రి వైద్యులు డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యూడ్కిన్ తమను తామే పరీక్షించుకుని, 2004లో ఆ వివరాలు ప్రకటించారు. ఇద్దరి బి.ఎం.ఐ. ఒకటే, 22.3. కానీ యూడ్కిన్ శరీరంలో కొవ్వు 9 శాతం ఉంటే, యాజ్ఞిక్ శరీరంలో 21 శాతం ఉంది. పుణే చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన బిడ్డలు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండు బిడ్డలు 3.5 కిలోలు. మన బిడ్డల్లో కండ తక్కువగా ఉన్నా, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. కాబట్టి "మా ఆయన సన్నగానే ఉన్నారు, పొట్ట ఒక్కటే కాస్త ఉంది" అని ధీమాగా ఉండకూడదు. మనవారిలో ప్రమాదం పొట్టలోనే ఉంది.

జన్యువులే కారణమైతే, మనం చేసేదేమీ లేదా?

తప్పకుండా ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2005–06లో మన దేశంలో అధిక బరువు ఉన్న మహిళలు సుమారు 13 శాతం. 2019–21 నాటికి 24 శాతం అయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం. పదిహేనేళ్ళలో జన్యువులు మారవు. మారింది మన తిండి, మన పని, మన నిద్ర. జన్యువు విత్తనం వంటిది. నేల, నీరు దొరికితేనే మొలకెత్తుతుంది. ఎఫ్.టి.ఓ. జన్యువులో బరువు పెంచే రకం ఉన్నవారిలో కూడా శరీర శ్రమ చేసేవారికి దాని ప్రభావం దాదాపు పావు వంతుకు పైగా తగ్గుతుందని 2011లో తేలింది.

చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు వచ్చే దశలో ఉన్న 531 మందిపై పరిశోధన చేసి 2006లో ఫలితాలు ప్రకటించింది. ఆహార నియమం, నడక పాటించినవారిలో షుగరు వ్యాధి రావడం 28 శాతానికి పైగా తగ్గింది. విశేషమేమిటంటే వారి బరువు పెద్దగా తగ్గలేదు. కాబట్టి తూకం ముల్లు కదలకపోయినా నడక వృథా కాదు. బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పి అదుపులోకి రావడానికి సాయపడుతుంది. 80 కిలోల మనిషికి అది 4 నుంచి 8 కిలోలే.

ఒక హెచ్చరిక. బరువు తగ్గినవారికి ఆకలి పెరుగుతుంది, శరీరం శక్తిని పొదుపుగా ఖర్చు చేస్తుంది. బరువు తగ్గిన ఏడాది తర్వాత కూడా ఆకలి హార్మోన్లు పూర్వ స్థితికి రాలేదని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. అందుకే తగ్గిన బరువు మళ్ళీ వస్తుంటుంది. అది రోగి ఓటమి కాదు. మళ్ళీ మొదలుపెట్టడానికి మీ ప్రోత్సాహం అవసరమైన సమయం అది.

కుటుంబ సభ్యులు చేయవలసినవి

1. రోగికి వేరుగా పథ్యం వండి, మిగిలినవారు ఆయన ఎదుట బజ్జీలు, బిర్యానీ తినడం న్యాయం కాదు. ఇంటిల్లిపాదికీ ఒకే వంట చేయండి. అన్నం తగ్గించి కూర, పప్పు, ఆకుకూరలు, మజ్జిగ పెంచండి. జొన్న, రాగి కూడా మంచివే గాని వాటికీ కొలత ఉండాలి.

2. నూనె మనిషికి నెలకు అర లీటరు దాటకుండా చూడండి. కూల్‌డ్రింకులు, బేకరీ సరుకులు ఇంట్లో నిల్వ ఉంచకండి.

3. వారానికి కనీసం ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాలు నడవాలి. "వెళ్ళి నడువు" అనడం కంటే "పద, నడుద్దాం" అనడం మేలు.

4. పెళ్ళిళ్ళలో, సంఘంలో ప్రేమవిందులలో బలవంతంగా వడ్డించకండి. "ఇంకొక్క ముద్ద" అనే ప్రేమ ఆ మనిషికి మేలు చేయదు.

5. ఉపవాస ప్రార్థన దేవుని సన్నిధికి సంబంధించినది. దాన్ని బరువు తగ్గించే ఉపాయంగా వాడకండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఉపవాసానికి ముందు తప్పక డాక్టరును అడగాలి.

6. "ఏనుగు", "డ్రమ్ము" వంటి ఎగతాళి పేర్లు పెట్టకండి. ముఖ్యంగా ఆడపిల్లలను పెళ్ళి సంబంధాల పేరుతో బాధపెట్టకండి. అవమానపడిన మనిషి దిగులుతో ఇంకా ఎక్కువ తింటాడు, ఆస్పత్రికి రావడం మానేస్తాడు.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

ఐదేళ్ళలోపే బిడ్డ విపరీతంగా లావై, ఎంత తిన్నా ఆకలి ఆకలి అంటుంటే. పుట్టినప్పుడు మెత్తగా, పాలు చీకలేకుండా ఉండి, తర్వాత తిండి కోసం అలమటిస్తుంటే. లావుతో పాటు ఎత్తు పెరగకుండా ఉంటే. కొద్ది నెలల్లోనే అకారణంగా బరువు పెరిగితే. నిద్రలో పెద్దగా గురక పెడుతూ ఊపిరి ఆగినట్టు అవుతుంటే ఆలస్యం చేయకండి. థైరాయిడ్ లోపం వల్ల, స్టెరాయిడ్ వంటి కొన్ని మందుల వల్ల కూడా బరువు పెరుగుతుంది. అయితే ఆ మందులను సొంతంగా ఆపకూడదు. బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు, ఆపరేషన్లు ఇప్పుడు మన దేశంలో ఉన్నాయి. అవి కొందరికి ఎంతో మేలు చేస్తాయి. కానీ ప్రకటనలు చూసి కాక, డాక్టరు సలహాతోనే నిర్ణయించుకోవాలి.

చివరి మాట

మితం తప్పి తినడం మంచిది కాదని మన విశ్వాసం నేర్పుతుంది. కానీ లావైన ప్రతి మనిషీ మితం తప్పినవాడని ఎవరు చెప్పగలరు? సన్నగా ఉన్నవారిలోనూ మితం లేనివారు ఉంటారు. మన కంటికి కనిపించేది శరీరం. దాని లోపల ఏ జన్యువు, ఏ హార్మోను, ఏ ఆకలి పోరాడుతున్నాయో సృష్టికర్తకే తెలుసు. తీర్పు ఆయనకు వదిలిపెడదాం. తోడుగా నడవడం మన వంతు.

మీ ఇంట్లో కలిసి మాట్లాడుకోవడానికి

మన వంశంలో అధిక బరువు, షుగరు, గుండెజబ్బు ఎవరెవరికి ఉన్నాయి?
మన ఇంట్లో ప్రతి ఒక్కరి నడుము కొలత ఎంత?
మన ఇంట్లో లావుగా ఉన్నవారిని బాధపెట్టిన మాట ఏదైనా అన్నామా? ఈ రోజే క్షమాపణ అడగగలమా?
ఈ వారం ఇంటిల్లిపాదీ కలిసి మార్చుకోగల ఒక్క అలవాటు ఏది?

దేవుడు మీ రోగికి ఆరోగ్యాన్ని, మీకు ఓర్పును అనుగ్రహించును గాక.